గళ్ళ లుంగీలో దొరికిపోయిన ఇంగ్లీషు

ఆ రోజుల్లో తిరుత్తణిలో ఒక మగపిల్లవాడి భవిష్యత్తు రెండే చోట్ల తేలేది. ఒకటి కొండ మీద, రెండోది ఎస్సెస్సెల్సీ ఇంగ్లీషు పేపరులో. కొండ మీది స్వామి మెట్లెక్కి వచ్చిన ప్రతివాణ్ణీ కరుణించేవాడు. ఇంగ్లీషు పేపరుకు అలాంటి అలవాటు లేదు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, వీధిలో ఆ రెండూ కలిసిన మూడో రకం మాట్లాడుకుంటూ పెరిగిన మాకు ఇంగ్లీషు కనిపించేది రైలు టిక్కెట్టు మీద, మందు సీసా మీద, మార్కుల కాగితంలో ఎర్రసిరా గీత పక్కన మాత్రమే. అందులోనూ ప్లూరల్స్ అంటే నాకు హడలు. ఇంట్లో ఒకటికి మించి ఏదుంటే దానికి 'లు' తగిలించేవాళ్ళం, బడిలో 'గళ్' తగిలించేవాళ్ళం, పని అయిపోయేది. (నిజానికి ఒకటికి మించి ఉన్న వస్తువులు మా ఇంట్లో తక్కువ కాబట్టి ఆ రెండూ కూడా పెద్దగా అవసరం పడేవి కావు.) ఇంగ్లీషులో అలా కాదట. రెండో పాదం రాగానే మొదటి పాదం పేరే మారిపోతుందట. రెండో ఎలుక వచ్చినా అంతే. అంత మర్యాద ఎలుకలకు ఎందుకు ఇస్తారో నాకు అంతుబట్టేది కాదు.

మార్చిలో తప్పాను. సెప్టెంబరులో మళ్ళీ తప్పాను. మొదటిసారి తప్పినప్పుడు మా నాయన ఏమీ అనలేదు. రెండోసారి కూడా ఏమీ అనలేదు, గడ్డపార తీసుకుని నడవలో నాకోసం గుంట తవ్వాడు. (కంగారు పడకండి. మాది నేతపని చేసే ఇల్లు. గుంట మగ్గానికి నేలలో గుంట ఉండాలి. నేసేవాళ్ళు అంచు మీద కూర్చుని, కాళ్ళు అందులోకి వదిలి, కింద ఉన్న తొక్కుడు కర్రలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతారు.) అప్పటికి మా ఇంట్లో ఒకటే గుంట ఉండేది. నాయనకు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచీ అందులో మా అక్క కూర్చునేది. మూడో క్లాసులో బడి మానిపించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టిన అక్క, పదహారేళ్ళకే గళ్ళ లుంగీలు నేసేది. ఇప్పుడు రెండో గుంట నా కోసం నోరు తెరుచుకుని ఉంది.

"మళ్ళా మార్చిలో గెలిచినావా, దీన్ని పూడ్చేస్తా. తప్పినావా, మారు మాట లేకుండా దీంట్లోకి దిగు" అన్నాడు నాయన చేతులు దులుపుకుంటూ.

"కొంచిం వెడల్పుగా తవ్వుంటే బాగుండు నాయనా, పుస్తకాలు గూడా పెట్టుకునుంటా" అన్నాను.

గడ్డపార నా వైపు కాస్త కదిలింది. నేను వీధిలోకి కదిలాను.

ఎగతాళి చేశానే గానీ ఆ గుంట పక్క నుంచి పోవాల్సి వస్తే గోడకు అంటుకుని పోయేవాణ్ణి. నాకు ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం కావాలి. తిరువళ్ళూరులో ఏదో ఒక ఆఫీసులో, ఏదో ఒక కుర్చీలో, తల పైన గిరగిరా తిరిగే ఒక్క ఫ్యాను. (ఫ్యాన్లు అక్కర్లేదు. ఏకవచనం చాలు.) దానికీ నాకూ మధ్య ఉన్నది ఆ ఒక్క పేపరే. అందుకే రోజూ మధ్యాహ్నం ప్యాసింజరెక్కి తిరువళ్ళూరులో ఒక ట్యుటోరియల్‌కు పోయేవాణ్ణి. అక్కడి మాష్టారు మణవాళనగర్‌లో ఉండేవారు, మావాళ్ళలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. నన్ను ఒక్క వారం పరిశీలించి, డాక్టరు రోగి బంధువులతో మాట్లాడే గొంతుతో తీర్పు చెప్పారు.

"చూడప్పా, వ్యాసం నీకు రాదు. ఉత్తరం రాదు. గ్రామరు నిన్ను చూస్తేనే పారిపోతాది. కానీ ప్లూరల్స్‌కు పది మార్కులుండాయి. దానికి తెలివి అక్కర్లా, గొంతుంటే చాలు. నూటిరవై మాటలు రాసిస్తా. పొద్దున రెండు గంటలు గట్టిగా అరువు. ఆ పది పట్టినావంటే తక్కింది యాడో ఒగచోట దొరుకుతాది."

అలా నూటిరవై మాటల కాగితంతో ఇంటికొచ్చాను. ఒకే గది, ఒక నడవ ఉన్న ఇంట్లో గట్టిగా అరవాలంటే మగ్గం పక్కనే అరవాలి. మొదటిరోజు 'మ్యాన్–మెన్, ఫుట్–ఫీట్' అని మొదలుపెట్టగానే అక్క మగ్గం ఆపేసింది.

"రేయ్ అబ్బోడా, పోగులు లెక్క పెడతా ఉండా. నువ్వు అరిస్తే లెక్క తప్పిపోతాది. పో, కొండ మీద అరుచుకో."

గళ్ళ లుంగీలో లెక్కే ప్రాణం అని అప్పుడు తెలిసింది. అడ్డంగా నీలం పేక నలభై పోగులు, ఆపైన తెలుపు ఇరవై, మళ్ళీ నీలం. ఆ నూలును నిలువుగా ఉన్న పడుగు పోగుల మధ్య మోసుకుపోయే నాడెలు, రంగుకొకటి చొప్పున రెండు. ఒక్కో నాడె ఎడమ నుంచి కుడికి పోయి, మళ్ళీ ఎడమకు వచ్చాకే దాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని అందుకోవాలి. అందుకే లెక్క ఎప్పుడూ సరిసంఖ్య. అక్క రోజంతా పెదవులు కదిలిస్తూ లెక్కపెట్టేది. నేను అరవడం మానలేను, ఆమె లెక్కపెట్టడం మానలేదు. రెండు రోజులు తగువులాడుకున్నాం. మూడోరోజు ఆమే ఒక ఒప్పందానికి వచ్చింది.

"సరి, అరువు. కానీ నా కాలికి తగినట్టు అరువు. ఎడమ కాలు తొక్కినప్పుడు మొదటిది, కుడి కాలు తొక్కినప్పుడు రెండోది."

అంతే. 'మ్యాన్' అనగానే నాడె అటు పోయేది, 'మెన్' అనగానే ఇటు వచ్చేది. ఏకవచనంగా పోయిన నాడె బహువచనంగా ఇంటికి చేరేది. ఇరవై మాటలు అయితే నీలం పూర్తి, పది మాటలు అయితే తెలుపు పూర్తి. నూటిరవై మాటలూ అయ్యేసరికి నాలుగు గళ్ళు. వారం తిరిగేసరికి అక్క అంకెలు లెక్కపెట్టడమే మానేసి, నేను అరిచే పూటే గళ్ళు నేసి, తక్కిన పూట కండెలు చుట్టుకునేది. ఫలానా మాట వస్తే నీలం మొదలు, ఫలానా మాట వస్తే తెలుపు మొదలు, అంతా మాటల మీదే. ఒక్క 'షీప్–షీప్' దగ్గర మాత్రం రోజూ సణిగేది.

"పోయేటప్పుడూ షీపే, వచ్చేటప్పుడూ షీపే అయితే నాడె ఎందుకురా అంత దూరం పోవడం?"

ఆ ప్రశ్నను మాష్టారి దాకా తీసుకుపోయాను. (ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు.)

ఇక్కడివరకు కథ బాగానే ఉంది. చెడగొట్టింది నేనే. మూడో నీలం గీతలో తొమ్మిది మాటలు నాకు ఎంతకీ నోరు తిరిగేవి కావు. గూస్ దగ్గర మొదలై లౌస్ దగ్గర ముగిసే ఆ ముఠా వచ్చేసరికి నా గొంతు తగ్గేది, కాగితం వైపు చూడాల్సి వచ్చేది, అక్క కాలు గాల్లో ఆగేది. "చెప్పరా, నాడె నిలబడిపాయ" అనేది. ఆ అవమానం భరించలేక ఒకరోజు ఆ తొమ్మిదినీ మింగేసి నేరుగా తర్వాతి మాటకు దూకాను. అక్క కళ్ళు పడుగు మీద ఉన్నాయి, ఎక్కడ పోగు తెగుతుందోనని. చెవి నా మీద ఉంది. నేనెంత చెప్తే ఆమె కాళ్ళు అంత నేశాయి. మర్నాడూ దూకాను. ఆ మర్నాడు మరింత ధీమాగా దూకాను. ఇంట్లో ఎవరూ పట్టుకోలేదు. మూడు వారాల పాటు నేను తొమ్మిది మాటలు తక్కువగా పండితుణ్ణి.

పరీక్షకు ఇంకా నెలరోజులుందనగా నూలు ఇచ్చి గుడ్డ తీసుకుపోయే ముదలాళి వచ్చాడు. అక్క గుడ్డను మడత విప్పి అరుగు మీద పరిచింది. మగ్గం మీద జానెడు జానెడుగా చుట్టుకుపోయిన బట్ట మొత్తం మొదటిసారి ఒక్కచోట వెలుగు చూసింది. ముదలాళి ముందు నవ్వాడు, తర్వాత నవ్వు మానాడు, తర్వాత అరవంలోకి దిగాడు.

"ఎన్నమ్మా ఇదు?" అన్నాడు. "నీలం గీత ఒకటి వెడల్పు, ఇంకోటి వెడల్పు, మూడోది మాత్రం సన్నం. మళ్ళా ఒకటి వెడల్పు. ఇది లుంగీయా, జ్వరం చీటీయా? దీన్ని ఎవడికి అమ్మేది నేను?"

చూశాం. నిజమే. నాలుగు గళ్ళకొకసారి, తప్పకుండా, ఒక సన్నని గీత. బట్ట ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, గడియారం కొట్టినట్టు.

"ఇది సరిగా నేసిచ్చేదాకా మీకు నూలు లేదు" అని ముదలాళి సైకిలెక్కాడు. నాయన ముఖం చూశాను. అందులో నూలు లేని మగ్గం, పని లేని ఇల్లు కనబడ్డాయి. ఆయన అక్క వైపు తిరిగి, "పన్నెండేండ్లుగా ఈ పనిలో ఉండావు, గీత సన్నమైంది తెలీలేదా నీకు?" అన్నాడు. అక్కను ఆయన అలా గద్దించడం అదే మొదటిసారి. నేను నోరు తెరవాలి. తెరవలేదు. మామూలుగా అక్కర్లేని చోటంతా తెరుచుకునే నోరు అది.

అక్క వంగి బట్టను సాఫు చేసింది. బట్ట పక్కన కూర్చుంది. సన్నని గీత మొదట్లో వేలు పెట్టింది. పెదవులు కదిలాయి. వేలు పోగు పోగుగా జరుగుతూ జరుగుతూ ఒకచోట ఆగింది. తల ఎత్తి నన్ను చూసింది.

"ఈడ గూస్ లేదు" అంది.

నేను గుమ్మం వైపు ఒక అడుగు వేశాను.

"గూస్–గీస్ లేదు. టూత్–టీత్ లేదు. మౌస్–మైస్ లేదు. లౌస్–లైస్ దాకా, నీ గొంతు తగ్గే ఆ తొమ్మిది మాటలూ మింగినావు. ఆ తొమ్మిదికి పద్దెనిమిది పోగులు. అదో, ఆ సన్నం అంతా అదే." వేలు ఇంకో మూర ముందుకు జరిపింది. "ఈడా మింగినావు. ఈడా. ఈ గీతలో మాత్రం లౌస్ చెప్పినావు, ఆపొద్దు జ్ఞాపకం వచ్చినట్టుంది."

నిజంగా ఆ రోజు జ్ఞాపకం వచ్చింది! బట్ట మీద రెండు పోగులు ఎక్కువున్నాయి!

నేను జీవితంలో చాలా ప్రోగ్రెస్ రిపోర్టులు చూశాను, అన్నిటిలోనూ ఎర్రసిరానే చూశాను. నీలం నూలుతో రాసింది అదొక్కటే, అంత నిజాయితీగా రాసింది కూడా అదొక్కటే. ఏ మాట నాకు వచ్చు, ఏది రాదు, ఏ రోజు దగా చేశాను, ఏ రోజు బుద్ధిగా ఉన్నాను, అంతా అక్కడ గజాల కొద్దీ పరిచి ఉంది. నా పరీక్ష పేపరు దిద్దిన ఆ పెద్దమనుషులకు కూడా నా గురించి అంత తెలియదు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం గుర్తుపట్టలేని మా అక్క, దాన్ని వేలితో తడిమి చదివేసింది. నాయన బట్టను చూశాడు, అక్కను చూశాడు, మళ్ళీ బట్టను చూశాడు. ఆయన కోపం ఎటు పోవాలో తెలియక కొంతసేపు నడవలో తచ్చాడి, "అయితే ఇదంతా నీకు నోటికి వచ్చునా అమ్మణ్ణీ?" అన్నాడు మెల్లగా.

"రాకపోతే లుంగీ ఎట్ల వస్తాది నాయనా?" అంది అక్క.

ఆ తర్వాత శిక్ష కూడా ఆమే వేసింది. "తప్పినాక దిగేది ఎందుకు, ఇప్పుడే దిగు. నీ నోరు అబద్ధం చెప్తాది గానీ కాళ్ళు చెప్పవు. చెడిన బట్టను నువ్వే నెయ్యి."

కొత్త గుంటలో మగ్గం ఇంకా బిగించలేదు కాబట్టి అక్క గుంటలోనే దిగాను. అక్క అంచు మీద కూర్చుంది. ముదలాళి నూలు ఇవ్వనన్నాడు గనక, ఇంట్లో ఎప్పుడో దాచిన మిగులు కండెలన్నీ బయటికి వచ్చాయి. మొదటి రోజు నాడె కుడివైపు పోయి గోడకు తగిలింది. రెండోరోజు పడుగు పోగులు పదకొండు తెగ్గొట్టాను. (అక్క కట్టింది.) మూడోరోజు నుంచి ఆమె "గూస్" అనేది, నా ఎడమ కాలు దిగేది. నేను "గీస్" అంటేనే కుడి కాలు దిగాలి. తప్పు చెప్తే ఆమె చేతిలో పేక కర్ర ఉండేది, అది నా మోకాలికి తెలుసు. రోజుకు నాలుగు గంటలు. ఏ మాటనైనా నేను ఆలోచిస్తే తప్పేది, కాలికి వదిలేస్తే వచ్చేది. నెల తిరిగేసరికి సరైన గీతలతో బట్ట తయారైంది. ముదలాళి దాన్ని అరగంట కొలిచి, ఏ వంకా దొరక్క, నూలు పంపాడు. చెడిన బట్ట మాత్రం మా ఇంట్లోనే మిగిలిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు నాయనా నేనూ నా అజ్ఞానాన్నే నడుముకు చుట్టుకుని తిరిగాం.

పరీక్ష తిరువళ్ళూరులో. వ్యాసం మాష్టారు చెప్పినట్టే రాలేదు. ఉత్తరంలో 'డియర్ సర్' వరకు నాకు సందేహం లేదు. ఆ తర్వాత పది మాటల ప్రశ్న వచ్చింది. మెదడు మామూలు ప్రకారం ఖాళీ. అప్పుడు బల్ల కింద ఎడమ కాలు తనంతట తానే దిగింది, దాని వెనకే కుడి కాలు దిగింది, చెయ్యి రాసింది. మళ్ళీ ఎడమ, కుడి. హాల్లో తిరుగుతున్న అయ్యవారు నా బల్ల దగ్గర నిలబడి, వంగి కింద చూశారు.

"ఎన్నడా, కాళ్ళతో ఏం చేస్తా ఉండావు?"

"ప్లూరల్, సార్" అన్నాను.

ఆయన ఎండదెబ్బ అనుకున్నారో ఏమో, కిటికీ తెరిచి వెళ్ళిపోయారు.

ముప్పై ఏడు మార్కులు వచ్చాయి. గట్టెక్కడానికి ముప్పై ఐదు చాలు, కాబట్టి రెండు మార్కులు నేను ప్రభుత్వానికి ఎక్కువే ఇచ్చినట్టు లెక్క. నాయన పార తీసుకుని గుంట పూడ్చాడు. పూడ్చి, పైన పేడతో అలికి, దాని మీద చాప వేసుకుని పడుకున్నాడు. నేను కబురు చెప్పడానికి మాష్టారి దగ్గరికి పోయి, లుంగీ సంగతి కూడా చెప్పాను. ఆయన నమ్మలేదు. వచ్చే ఆదివారం కొండకు వస్తాననీ, దారిలో మా ఇంటికొస్తాననీ అన్నారు.

వచ్చారు. అక్క మగ్గం మీద ఉంది. ఆయన నడవలో నిలబడి కాగితం కూడా తీయకుండా, వరస తప్పించి, అక్కడొక మాటా ఇక్కడొక మాటా విసిరారు. అక్క తల ఎత్తలేదు; వరస తప్పింది గనక పోగుల లెక్క మనసులో పెట్టుకుంది. ఆయన మాటతో నాడె అటు పోయేది, ఆమె మాటతో ఇటు వచ్చేది. పది, ఇరవై, యాభై. కాసేపటికి మాష్టారి గొంతు మారింది. పిల్లల్ని అడిగే గొంతు పోయి, తోడుగా పాడే గొంతు వచ్చింది. చివరికి ఆయన ఆగిపోయినా నాడె ఆగలేదు. నూటిరవై అయ్యాక తెల్ల నాడె పక్కన పెట్టి, నీలంది అందుకుంటూ, "అంతేనా సార్?" అంది అక్క. నేను ఏదో ఒక వెటకారం ఆడాలని చూశాను. ఒక్కటీ దొరకలేదు. అప్పటికీ ఇప్పటికీ నాకు వెటకారం దొరకని సందర్భం అదొక్కటే.

మాష్టారు మగ్గం దగ్గరికి వచ్చారు. "అమ్మా, ఈ గూస్ అంటే ఏందో తెలుసునా నీకు?"

"తెలీదు సార్. తెలిసుంటే దాని గురించే తలుచుకుంటా ఉందును, నాడె తప్పిపోవును" అంది. తర్వాత కాస్త సిగ్గుపడి అడిగింది. "ఏంది సార్ అది?"

"బాతు మాదిరి ఒక పక్షి. కొంచిం పెద్దది."

అక్క మగ్గం ఆపింది. నా వైపు తిరిగింది. నాయన వైపు తిరిగింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత మగ్గమంతా కదిలింది, అంత నవ్వు.

"బాతురా అబ్బోడా! బాతు కోసమా మనం నెల దినాలు కొట్టుకున్నది!"

నాయన కూడా నవ్వాడు. మాష్టారు నవ్వలేదు. వెళ్ళేముందు నన్ను గుమ్మం బయటికి పిలిచి, "పాసైంది నువ్వు, సర్టిఫికెట్టు నీది. మీ అక్కకూ నీకూ అంతే తేడా" అని, కొండ సంగతే మరిచిపోయి, నేరుగా స్టేషను వైపు నడిచారు.

నాకు ఫ్యాను దొరికింది. తిరువళ్ళూరులోనే, కిటికీ పక్కనే. పదేళ్ళుగా దాని కింద కూర్చుని ఇంగ్లీషులో కాగితాలు రాస్తున్నాను. ఇన్నేళ్ళలో బాతుల గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. ఆక్స్–ఆక్సెన్ అంటూ తొక్కిన ఎద్దుల ప్రస్తావన ఒక్క ఫైల్లోనూ రాలేదు. ఎలుకలు ఆఫీసులో బోలెడన్ని ఉన్నాయి గానీ వాటి గురించి పైకి రాసే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట కలం ఆగినప్పుడు, గుంట అంచు మీద నోరు పిడచగట్టి కూర్చున్న ఆ పదిహేడేళ్ళ కుర్రాడు కళ్ళ ముందు కనిపిస్తాడు. మోకాలి మీద పేక కర్ర పడుతుందేమోనని ఒక కన్ను అక్క మీద వేసి, ఇంగ్లీషు దేశమంతా తన కుడి కాలు మీదే ఆధారపడి ఉన్నట్టు ఎంత గంభీరంగా తొక్కేవాడో! వాడి భుజం తట్టి "ఇందులో తొంభై మాటలు నీకు ఎప్పటికీ అక్కర్లేదురా" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా నమ్మడు. పైగా వాడు నమ్మి, లేచి వచ్చేస్తే, మా అక్క ఒంటరిగా నేసుకోవాలి. అందుకని చెప్పను. కూర్చోనిస్తాను.